అరమీటరు బండిల్

చిన్న అణు రియాక్టర్ల మాట ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తోంది. ఫ్యాక్టరీలో తయారుచేసి, లారీ మీదో ఓడ మీదో తెచ్చి, కావలసిన చోట బిగించి స్విచ్ వేయడమే తరువాయి అన్నట్టు చెబుతున్నారు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ లెక్కలో 300 మెగావాట్ల లోపువన్నీ చిన్నవే. ఆ లెక్కన మన దేశం నాలుగు దశాబ్దాలకు పైగా చిన్న రియాక్టర్లు నడుపుతూనే ఉంది. కల్పాక్కం, నరోరా, కాక్రాపార్, కైగా, రావత్‌భాటాల్లో ఉన్న 220 మెగావాట్ల భారజల రియాక్టర్లు ఆ కోవలోవే. కాకపోతే ఇవేవీ లారీలో రాలేదు. నేల తవ్వి, కాంక్రీటు పోసి, ఏళ్ళ తరబడి కట్టినవి. వాటి కడుపులో పెట్టే ఒక్క వస్తువు మాత్రం అచ్చంగా ఫ్యాక్టరీ సరుకు. అది లారీలోనే వస్తుంది. ఒకటి చూస్తే వెయ్యి చూసినట్టే. హైదరాబాదులో ఈసీఐఎల్ చౌరస్తాకు దగ్గర్లో, 1971లో మొదలైన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో అది తయారవుతుంది. అందరూ ఎన్ఎఫ్‌సీ అంటారు. ఆ వస్తువు పేరు ఫ్యూయల్ బండిల్.

చూడ్డానికి అందులో ఏమంత గొప్ప కనపడదు. పొడవు అరమీటరుకు అర సెంటీమీటరు తక్కువ. వ్యాసం ఎనిమిది సెంటీమీటర్ల పైచిలుకు. పందొమ్మిది సన్నని గొట్టాలు: నడుమ ఒకటి, దాని చుట్టూ ఆరు, వాటి చుట్టూ పన్నెండు. రెండు కొసలా ఒక్కో పల్చటి ప్లేటు, గొట్టాలన్నిటినీ పట్టి ఉంచడానికి. బరువు 16 కిలోల పైన. అందులో 15 కిలోలు యురేనియం డయాక్సైడే. కొత్త బండిల్‌ను గ్లవ్స్ వేసుకుని చేత్తో ఎత్తొచ్చు. తవ్వి తీసిన సహజ యురేనియాన్ని శుద్ధి చేసి వాడతారు తప్ప దాంట్లో యురేనియం-235 పాలు పెంచరు. ఆ పాలు 0.7 శాతమే కాబట్టి రియాక్టరులోకి పోకముందు దాని రేడియేషన్ స్వల్పం. ఓసారి లోపల మండి బయటికి వచ్చాక మాత్రం అది మనుషుల చేతికి అందని వస్తువు. యంత్రమే దాన్ని తీసి నీళ్ళ తొట్టిలోకి దింపుతుంది.

దీని పనితనం చూడాలంటే గొట్టానికీ గొట్టానికీ మధ్య ఉన్న సందును చూడాలి. మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. ఆ సందుల్లోంచి దాదాపు మూడు వందల డిగ్రీల వేడితో, వాతావరణానికి ఎనభై రెట్లు మించిన ఒత్తిడితో భారజలం ఉరుకుతూ పోతుంది. ఆ ఉరవడికి గొట్టాలు అదురుతాయి. రెండు గొట్టాలు ఒకదానికొకటి ఆనుకుంటే అక్కడ నీరు ఆడదు, వేడి పేరుకుంటుంది. అందుకని గొట్టాల మీద చిన్న చిన్న దిమ్మెలు అతికిస్తారు. వాటిని స్పేసర్ ప్యాడ్లు అంటారు. ఎదురెదురు గొట్టాల మీదున్న ప్యాడ్లు కాస్త ఏటవాలుగా ఉంటాయి. అందుకే కలిసిన చోట ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడతాయి తప్ప పక్కకు జారి సందులో ఇరుక్కోవు. బయటి వరసలోని పన్నెండు గొట్టాలకు ఇంకో రకం ప్యాడ్లు కూడా ఉంటాయి. బండిల్ మొత్తం వాటి మీదే ఆనుకుని, రియాక్టరులో తాను కూర్చునే ఛానల్ గొట్టం గోడను గీకకుండా జరుగుతుంది.

ఇక ఆ ప్యాడ్‌ను అతికించాల్సిన గొట్టం గోడ మందం సుమారు 0.4 మిల్లీమీటరు. అంత పల్చని గోడ మీద వెల్డింగ్ గట్టిగా పట్టాలి. గోడను మాత్రం తినేయకూడదు. కాస్త తక్కువ కరెంటు ఇస్తే ప్యాడ్ ఊడుతుంది, కాస్త ఎక్కువైతే గోడ బలహీనపడుతుంది. పందొమ్మిది గొట్టాల మీద ఎన్నెన్ని అతుకులో చూసుకోండి, ఆపైన ఒక్క 220 మెగావాట్ల రియాక్టరుకు ఒకేసారి పట్టేవి 3,672 బండిళ్ళు. కవిత్వానికి పనికొచ్చే వ్యవహారం కాదు గానీ, నాకు ఈ అతుకు ముందు పెద్ద పెద్ద రియాక్టరు డోముల గొప్ప ఆనదు.

గోడ అంత పల్చగా ఎందుకు? గట్టిగా ఉండాలంటే మందం పెంచొచ్చు కదా? పెంచితే అది న్యూట్రాన్లను మింగుతుంది. సహజ యురేనియంతో నడిపే రియాక్టరు న్యూట్రాన్ల విషయంలో పరమ పేదది. ఒక్కటి వృథా అయినా సహించలేదు. గొట్టం లోహంగా జిర్కోనియం మిశ్రమం జిర్కలాయ్‌ను ఎంచుకున్నది కూడా అందుకే, అది న్యూట్రాన్లను పెద్దగా పట్టించుకోదు. జిర్కోనియం మన సముద్ర తీరపు ఇసుకలో, జిర్కాన్ రూపంలో దొరుకుతుంది. అయితే దాన్ని వదలకుండా అంటిపెట్టుకుని హాఫ్నియం అనే లోహం ఉంటుంది. రసాయన గుణాల్లో రెండూ కవలలు. న్యూట్రాన్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం హాఫ్నియం జిర్కోనియం కంటే కొన్ని వందల రెట్లు మింగుతుంది. కనుక ఎంతో కష్టపడి విడదీయాలి. విడదీశాక జిర్కోనియాన్ని క్లోరైడుగా మార్చి, మెగ్నీషియంతో లోహంగా తీసి, శూన్యంలో కరిగించి, దిమ్మెగా పోసి, పొడుగ్గా లాగి, రోలింగ్ మీద రోలింగ్ చేసి ఆ 0.4 మిల్లీమీటరుకు తెస్తారు. ఇసుక నుంచి గొట్టం దాకా, పచ్చి యురేనియం నుంచి పెల్లెట్ దాకా అంతా ఒకే ఆవరణలో జరగడం ఎన్ఎఫ్‌సీ ప్రత్యేకత.

పెల్లెట్ సంగతి ఇంకా బాగుంటుంది. గని నుంచి వచ్చేది పసుపు ముద్ద. దాన్ని నైట్రిక్ ఆసిడ్‌లో కరిగించి, మలినాలు తీసి, మళ్ళీ పొడిగా రాబట్టి, హైడ్రోజన్‌తో క్షయకరించి యురేనియం డయాక్సైడ్ పొడి చేస్తారు. ఆ పొడిని అచ్చులో వత్తితే పచ్చి బిళ్ళ వస్తుంది. దాన్ని సుమారు 1,700 డిగ్రీల కొలిమిలో కాలుస్తారు. కుమ్మరి ఆవంలో కుండ గట్టిపడ్డట్టే ఇదీ గట్టిపడుతుంది, కుంచించుకుపోతుంది. చిక్కంతా ఆ కుంచించుకోవడం దగ్గరే. పొడి అచ్చులో ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ బిగిస్తే కాలాక బిళ్ళ నడుము సన్నబడుతుంది. అందుకే తర్వాత గ్రైండర్ మీద ఒక్కో బిళ్ళనూ ఒకే వ్యాసానికి దించుతారు. అంచున చిన్న పెచ్చు లేచినా పక్కన పడేస్తారు. ఇంత చిన్న పెచ్చుకు అంత పట్టింపా అంటే, ఉంది. రియాక్టరు లోపల బయటి ఒత్తిడికి ఆ పల్చని గొట్టం పెల్లెట్ మీద అంటుకుపోతుంది. అలా అంటుకుపోయేట్టే దాన్ని తయారుచేశారు, వేడి నేరుగా నీటికి చేరాలని. పెచ్చు లేచిన చోట మాత్రం ఆనడానికి ఏమీ ఉండదు. గొట్టం ఆ గుంటలోకి దిగబడుతుంది. చీలిక మొదలయ్యేది అలాంటి చోటే.

పెల్లెట్ కొసన ఒక లోతు తక్కువ గుంట ఉంటుంది. అంచులు కూడా కాస్త చెక్కి ఉంటాయి. తెలియనివాళ్ళకు అది నునుపు కోసం చేసినట్టు ఉంటుంది. నడుస్తున్నప్పుడు పెల్లెట్ నడిమధ్య వేడి వెయ్యి డిగ్రీల పైమాటే, అంచున అంతకంటే ఎంతో తక్కువ. నడుము ఎక్కువ ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు చోటు ఇవ్వకపోతే పెల్లెట్లన్నీ కలిసి గొట్టాన్ని పొడుగ్గా లాగుతాయి. కొసన తీసిన ఆ కాస్త గుంట ఉబ్బును తనలో దాచుకుంటుంది. చెక్కిన అంచు గొట్టం గోడను గుచ్చదు. మిల్లీమీటరులో భాగాలతో ఇంత పని జరుగుతుంది. దీన్ని గీసిన వాళ్ళెవరో గాని, రియాక్టరు లోపల కూర్చుని చూసినట్టే గీశారు.

గొట్టం లోపలి గోడకు గ్రాఫైట్ పూత కూడా ఉంటుంది. అది ఎందుకో తెలియాలంటే ఈ బండిల్ రియాక్టరులోకి ఎలా పోతుందో చూడాలి.

పెద్ద రియాక్టర్లు చాలా చోట్ల ఒక మహా ఉక్కు పాత్రలో ఉంటాయి. అంత పెద్ద పాత్రను తయారుచేయగల సదుపాయం ఒకప్పుడు మనకు లేదు. కెనడా నుంచి మనం అందుకున్న నమూనాలో ఆ పాత్రే లేదు. భారజలం నిండిన ఒక అడ్డ పీపా, దానిలోంచి ఈ గోడ నుంచి ఆ గోడకు 306 గొట్టాలు. ఒక్కో గొట్టమూ ఒక ఛానల్. ఛానల్‌కు పన్నెండు బండిళ్ళు. అంటే ఒక పెద్ద పాత్ర చేయాల్సిన పనిని 306 చిన్న గొట్టాలు పంచుకున్నాయి. 1974 పోఖ్రాన్ పరీక్ష తర్వాత కెనడా చేయి వదిలేసింది. ఇక మిగిలింది ఒంటరి దారి. చిన్నవి చేయడం చేతనైతే చాలు, వాటినే వందల సంఖ్యలో చేసుకుపోవచ్చన్నది ఆ దారిలో మనకు కలిసొచ్చింది.

ఈ రియాక్టరు ఆపకుండానే ఇంధనం మారుస్తారు. ఛానల్ రెండు కొసల దగ్గరా రెండు ఫ్యూయలింగ్ మెషిన్లు వచ్చి మూతికి మూతి బిగించుకుంటాయి. అవి కూడా భారజలంతో, అదే ఒత్తిడితో నిండి ఉంటాయి. మూత తీసి, అడ్డు దిమ్మె తీసి, ఇటు నుంచి ఎనిమిది కొత్త బండిళ్ళు నెడితే అటు నుంచి ఎనిమిది పాతవి బయటికి వస్తాయి. ఇటు కొసన ఉన్న నాలుగు అటు కొసకు జరుగుతాయి. ఆ నాలుగూ దారిలో రియాక్టరు నడుమ, మంట ఎక్కువగా ఉన్న చోటు దాటాలి. కొత్తవాటిలో కొన్నయితే నేరుగా ఆ నడుమకే పోయి పడతాయి. ఒక్కసారిగా వేడెక్కుతుంది, పెల్లెట్ ఉబ్బుతుంది, గొట్టం సాగుతుంది, లోపల పుట్టిన అయోడిన్ సాగిన చోట కొరకడానికి చూస్తుంది. గ్రాఫైట్ పూత అక్కడ ఉపయోగపడుతుంది. పెల్లెట్‌కూ గొట్టానికీ మధ్య జారుడు ఇచ్చి, ఆ కాటు తగలకుండా చూస్తుంది. ఇన్ని చేసినా ఎప్పుడైనా ఒక గొట్టం చిల్లు పడితే, ఛానల్ నుంచి వచ్చే భారజలంలో ఆలస్యంగా వెలువడే న్యూట్రాన్లను పసిగట్టి ఏ ఛానలో పట్టేస్తారు. ఆ బండిళ్ళను కూడా రియాక్టరు నడుస్తుండగానే తీసేస్తారు.

పూర్తి పవర్ మీద 220 మెగావాట్ల రియాక్టరుకు రోజుకు ఎనిమిది బండిళ్ళు, అంటే దాదాపు రోజుకో ఛానల్ పని పడుతుంది. ఉత్తర కన్నడ జిల్లాలో కాళీ నది ఒడ్డున ఉన్న కైగా ఒకటో యూనిట్ 2016 మే 13న మొదలుపెట్టి 2018 డిసెంబరు 31 దాకా ఆగకుండా నడిచింది. 962 రోజులు. అప్పటికి ప్రపంచ రికార్డు అది. బ్రిటన్‌లోని హేషమ్ రియాక్టరు 940 రోజుల రికార్డును దాటింది. తర్వాత కెనడాలో డార్లింగ్టన్ దాన్ని దాటేసింది, అదీ భారజల రియాక్టరే. కైగా నడిచిన ఆ రోజుల్లో ఏడు వేలకు పైగా హైదరాబాదు బండిళ్ళు ఆ ఛానళ్ళలోకి వెళ్ళి వచ్చి ఉంటాయి. రియాక్టరులోని మొత్తం ఇంధనం రెండు సార్లు మారినట్టే. రికార్డు వార్తల్లో కైగా పేరే వచ్చింది, అది సహజమే. అన్ని వేల బండిళ్ళలో చెడ్డవి గుట్టగా తగిలి ఉంటే ఆ 962లో సగం కూడా వచ్చేది కాదని ఎన్ఎఫ్‌సీ వెల్డింగ్ షాపులో పనిచేసేవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అదే కైగా ఒకటో యూనిట్‌కు ఇంకో చరిత్ర ఉంది. 1994 మే 13న, కడుతుండగానే, లోపలి డోము పొరలు విడిపోయి కూలింది. రికార్డు పరుగు మొదలైన తేదీ కూడా మే 13 కావడం వట్టి కాకతాళీయమే గాని, చదివినప్పుడు ఓ క్షణం ఆగకుండా ఉండలేం. డోము కూలడంతో పని వెనకబడి, రెండో యూనిట్ కంటే ఆలస్యంగా, 2000 నవంబరులో ఒకటో యూనిట్ వాణిజ్యపరంగా కరెంటు ఇచ్చింది. చిన్న రియాక్టర్ల గురించి ఎవరు ఏ ఆశ చెప్పినా నేను ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుంటాను: ఫ్యాక్టరీ లోపల చేసిన పని, ఎండలో వానలో కట్టిన పని. చిన్న రియాక్టర్లకు తగిలించే మాడ్యులర్ అన్న మాటకు ఉన్న బలమంతా మొదటి రకం పనిని పెంచి, రెండో రకాన్ని తగ్గించడంలోనే ఉంది.

ఒక్క బండిల్ ఎంత కరెంటు ఇస్తుందో లెక్క వేద్దాం. అందులో యురేనియం 13 కిలోల పైచిలుకు. ఈ రియాక్టర్లలో టన్నుకు దాదాపు 7,000 మెగావాట్-రోజుల వేడి రాబడతారు. వేడిలో పావు వంతుకు కాస్త ఎక్కువే కరెంటు అవుతుంది. లెక్క తేలితే ఒక్కో బండిల్‌కు ఆరు లక్షల యూనిట్లకు పైనే. బొగ్గుతో అంత కరెంటు తీయాలంటే నాలుగు వందల టన్నుల పైనే కాల్చాలి. దాని పక్కన ఇంకో లెక్క కూడా ఉంది. సహజ యురేనియానికి ఉన్న న్యూట్రాన్ల పేదరికాన్ని తీర్చేది భారజలం. దాన్ని గోదావరి నీటి నుంచి తీసే పెద్ద ప్లాంటు మణుగూరులో ఉంది. సాదా నీటిలోని పది లక్షల హైడ్రోజన్ పరమాణువుల్లో భారమైనవి 150 దాకా ఉంటాయి, వాటిని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు సాయంతో వడబోసి వడబోసి దాదాపు శుద్ధమైన భారజలం చేస్తారు. ఆ వడబోతకు కావలసిన ఆవిరి సింగరేణి బొగ్గు నుంచి వస్తుంది. యురేనియం పాలు పెంచే పని లేదన్న మాట నిజమే. ఆ శ్రమ మణుగూరులో ఇంకో రూపంలో పడింది.

ఇంధనం తవ్వడం దగ్గర ఇంకో ఖర్చు ఉంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని నడుస్తోంది. ఆ చుట్టుపక్కల రైతులు తమ బోరు నీళ్ళ గురించి ఏళ్ళుగా ఫిర్యాదు చేస్తున్నారు. 2019లో నల్లమలలో యురేనియం వెతుకుతామంటే జనం ఎదురు తిరిగారు. రియాక్టరు ఎంత చిన్నదైనా గని చిన్నది కాదు. బండిల్ పనితనాన్ని మెచ్చుకునే వాడు ఈ సంగతిని కంటికి కనపడనంత దూరంలో పెట్టడం నాకు నచ్చదు.

పనితనానికీ వయసు ఉంటుంది. బండిల్‌ను ఏడాదికో రెండేళ్ళకో మార్చేస్తారు గాని, అది కూర్చునే ఛానల్ గొట్టం ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. న్యూట్రాన్ల దెబ్బలకు పొడుగు సాగుతుంది, నడుమ వంగుతుంది, హైడ్రోజన్‌ను పీల్చి పెళుసుబారుతుంది. 2016 మార్చి 11న కాక్రాపార్ ఒకటో యూనిట్‌లో ఒక ఛానల్ గొట్టం పగిలి భారజలం కారింది. రియాక్టరు తనంతట తాను ఆగింది. ఆ తర్వాత ఛానళ్ళన్నీ మార్చి 2019లో మళ్ళీ నడిపారు. మొత్తం పాత్ర పాడైతే రియాక్టరుకు ఆయువు తీరినట్టే. ఇక్కడ గొట్టాలు మార్చి, దానికి ఇంకో ఆయువు పోయగలిగారు. ఈ అమరికకు నేను వేసే పెద్ద మార్కు దీనికే.

ఇక ఇప్పటి కొత్త ఆశలు. 2024 జులై బడ్జెట్‌లో కేంద్రం భారత్ స్మాల్ రియాక్టర్ అన్న పేరు ప్రకటించింది. అంటే ఈ 220 మెగావాట్ల భారజల రియాక్టరునే కాస్త కుదించి, ఉక్కు, అల్యూమినియం, సిమెంటు కంపెనీలు తమ సొంత అవసరానికి పెట్టుకునేలా చేయడం. 2024 చివర్లో పిలిచిన ప్రతిపాదనల ప్రకారం డబ్బూ నేలా కంపెనీవి, నడిపేది ప్రభుత్వ అణు విద్యుత్ సంస్థ ఎన్‌పీసీఐఎల్. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20,000 కోట్లు పెట్టి, 2033 నాటికి దేశంలో తయారైనవి కనీసం ఐదు నడపాలన్నారు. ఆ పరిశోధనలో ముఖ్యమైనది 200 మెగావాట్ల భారత్ స్మాల్ మాడ్యులర్ రియాక్టర్. పేర్లు దగ్గరగా ఉన్నా ఇవి రెండూ వేరు జాతులు. మాడ్యులర్‌ది ఉక్కు పాత్ర, మామూలు నీరు, కాస్త పాలు పెంచిన యురేనియం. మొదటిది నలభై ఏళ్ళ పాత చెయ్యి తిరిగిన పని, రెండోది కొత్త పని.

బయటి దేశాల్లో చిన్నవాటికి డబ్బు దగ్గర ఎదురుదెబ్బలు తగిలాయి. అమెరికాలో నూస్కేల్ కంపెనీ యూటా రాష్ట్రపు విద్యుత్ సంస్థల కోసం తలపెట్టిన ఆరు మాడ్యూళ్ళ ప్లాంటు 2023 నవంబరులో రద్దయింది. మెగావాట్-గంటకు 58 డాలర్లన్న అంచనా 89 డాలర్లకు పోయింది. చైనా షిదావోవాన్‌లో రెండు చిన్న రియాక్టర్లను ఒకే టర్బైనుకు కలిపి 2023 డిసెంబరులో వాణిజ్యపరంగా నడిపించింది. దాని ఇంధనం ఆరు సెంటీమీటర్ల గోళాలు, అది కూడా చూడదగ్గ పనితనమే. కెనడాలో డార్లింగ్టన్ దగ్గర తలపెట్టిన నాలుగు 300 మెగావాట్ల యూనిట్లలో మొదటిదాన్ని కట్టడానికి 2025లో ఆంటారియో ప్రభుత్వం ఒప్పుకుంది. మొదటిదాని ఖర్చే ఎక్కువ, నాలుగోది చవకవుతుందన్న నమ్మకం మీద. ఆ నమ్మకం నిజమైతే అది ఒకే వస్తువును మళ్ళీ మళ్ళీ చేయడం వల్లే నిజమవుతుంది. ప్రతి కంపెనీకీ ప్రతి రాష్ట్రానికీ డిజైన్ మారుస్తూ పోతే చిన్న రియాక్టరు ఖరీదైన పెద్ద రియాక్టరు అవుతుంది, అంతే.

భారత్ స్మాల్ రియాక్టరు దగ్గర నాకు ఆశ పుట్టించే విషయం పాత బండిలే. కొత్తగా ఏదీ కనిపెట్టనక్కర్లేదు. ఎన్ఎఫ్‌సీలో అచ్చులు, గొట్టాలు, అతుకులు, చేతులు అన్నీ ఉన్నాయి. పక్కనే ఈసీఐఎల్ ఉంది. అయ్యగారి సాంబశివరావు నిలబెట్టిన ఆ సంస్థ ఈ రియాక్టర్ల కంట్రోల్ రూములకు కావలసినవి చేస్తోంది. దాని ఉద్యోగులు కట్టుకున్న కాలనీకి ఇప్పుడు ఆయన పేరే.

చిక్కు ఒకటుంది. కాక్రాపార్, రావత్‌భాటాల్లో కొత్తగా వచ్చినవి 700 మెగావాట్లవి. వాటి బండిల్‌లో గొట్టాలు 37, వ్యాసం పది సెంటీమీటర్ల పైన. అది 220 మెగావాట్ల ఛానల్‌లో దూరదు. ఎన్ఎఫ్‌సీ రావత్‌భాటాలో తలపెట్టిన కొత్త ఫ్యాక్టరీ ఈ 37 గొట్టాల బండిల్ కోసమే. అంటే దేశపు అణు ఇంధనం పని మెల్లగా పెద్ద బండిల్ వైపు జరుగుతోంది. సిమెంటు, ఉక్కు కంపెనీలు నిజంగా ముందుకు వచ్చి పది పన్నెండు స్మాల్ రియాక్టర్లకు ఆర్డర్లు పెడితే, ఒక్కొక్కటి రోజుకు ఎనిమిదిగా, ముప్పై నలభై ఏళ్ళ పాటు 19 గొట్టాల బండిల్ కావాలి. హైదరాబాదులో ఆ లైను ఇంకో తరం దాకా నడపాలి, దానికి కొత్త వెల్డర్లను తయారుచేసుకోవాలి. అది కుదురుతుందా అన్నది ఆర్డరు పెట్టే ముందు కంపెనీలు రియాక్టరు ధరతో పాటు అడగాల్సిన ప్రశ్న.